వండిందెప్పుడు, తిన్నదెప్పుడు?

2024 నవంబరు, డిసెంబరు నెలల తెలంగాణ పత్రికలు తిరగేస్తే ఒకే వార్త ఊళ్ల పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన గురుకులంలో అస్వస్థతకు గురైన పిల్లల్లో ఒక అమ్మాయి వారాల తరబడి నిమ్స్‌లో చికిత్స పొంది నవంబరు 25న కన్నుమూసింది. అదే నెలలో నారాయణపేట జిల్లా మాగనూరు ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు ఒకసారి ఆసుపత్రి పాలై, వారం తిరగకుండానే మళ్లీ అదే దారి పట్టారు. హైకోర్టు నిలదీసింది, సర్కారు టాస్క్‌ఫోర్స్ వేసింది. డిసెంబరులో వంతు తాండూరుకు వచ్చింది. అక్కడి గిరిజన బాలికల హాస్టల్ పిల్లలు అస్వస్థతతో ఆసుపత్రిలో చేరారు.

బంట్వారం వాళ్లకు ఈ చివరి వార్త పరాయి ఊరి సంగతి కాదు. ఈ మండలంలో జబ్బు ముదిరితే బండి తిరిగేది వికారాబాద్ వైపుకో, తాండూరు జిల్లా ఆసుపత్రి వైపుకో. పిల్లల చదువులూ ఆ రెండు పట్టణాల హాస్టళ్లతోనే ముడిపడి ఉంటాయి. అందుకే ఆ రోజుల్లో మొదలైన వాదన ఇక్కడ ఇంకా చల్లారలేదు. తప్పు వంటమ్మదా, వార్డెన్‌దా, బిల్లులు ఆపిన సర్కారుదా, బియ్యానిదా, నీళ్లదా? పిల్లలు బయట కొనుక్కున్న చిరుతిళ్లదా? ప్రతి జవాబు వెనకా కొంత నిజం ఉంది. కానీ అందరూ ‘ఎవరు’ అని అడుగుతున్నారు. ‘ఎప్పుడు’ అని అడిగేవాళ్లు తక్కువ. ఈ చర్చ ఎక్కడ మొదలైంది, ఎన్ని పాయలుగా చీలింది, ఏది తేలింది, ఏది తేలలేదు అన్నది ఒకసారి కుదురుగా చూడాల్సిన సమయం వచ్చింది.

ఒకే పేరు, మూడు జబ్బులు

చిక్కంతా పేరు దగ్గరే మొదలవుతుంది. ఊళ్లో ‘తిండి వికటించింది’ అంటాం, పత్రిక ‘కలుషితాహారం’ అంటుంది, అందరి నోటా ‘ఫుడ్ పాయిజన్’. ఈ ఒక్క పేరు కింద కనీసం మూడు వేర్వేరు జబ్బులున్నాయి.

మొదటిది, సూక్ష్మజీవి తిండితోనో నీళ్లతోనో కడుపులోకి వెళ్లి అక్కడ సంతానం పెంచుకునేది. సాల్మొనెల్లా, షిగెల్లా, కలరా ఈ రకం. వీటికి వ్యవధి కావాలి. సాల్మొనెల్లా సాధారణంగా 6 గంటల నుంచి 3 రోజుల్లో బయటపడుతుంది, జ్వరం కూడా తెస్తుంది. రెండోది, సూక్ష్మజీవి తిండిలోనే పెరిగి, అక్కడే విషాన్ని వదిలిపెట్టేది. స్టాఫిలోకాకస్, అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ ఇందుకు పేరుమోసినవి. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపే వాంతులు మొదలవుతాయి, జ్వరం అంతగా ఉండదు. మూడోది రసాయనం: పురుగుమందు, కల్తీ కల్లు లాంటివి. నిమిషాల్లోనో గంటల్లోనో పట్టేస్తుంది.

వీటి నడుమ పెద్ద వంటలకు అంటిపెట్టుకుని తిరిగేది ఇంకొకటుంది, క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్. మాంసం కూరల్లో, పప్పుల్లో పెరిగి, తిన్న 6 నుంచి 24 గంటల్లో కడుపును మెలిపెట్టి విరేచనాలు పట్టిస్తుంది. రాత్రి దావత్‌లో తిని పొద్దున్నే చెంబు పట్టుకుని పరుగెత్తడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

ఈ గంటల లెక్క తెలిస్తే ఒక పాత పొరపాటు కళ్లకు కడుతుంది. జబ్బు రాగానే మనం నింద వేసేది చివరి పూట తిండి మీద. సాల్మొనెల్లా అయితే అసలు దోషి మొన్న రాత్రి గుడ్డు కూర కావచ్చు, నింద మాత్రం ఈ పొద్దుటి ఉప్మాకు పడుతుంది. మాగనూరు విషయంలో పిల్లలు బయటి చిరుతిళ్లు తిన్నారన్న వాదన ఒకటి వచ్చింది, బడి భోజనమే కారణమన్నది మరొకటి. ఇలాంటి తగాదాను తేల్చే తొలి సాధనం లాఠీ కాదు, సస్పెన్షనూ కాదు. ఎవరు ఏ గంటకు ఏం తిన్నారు, ఏ గంటకు తొలి వాంతి అయింది, తిననివాళ్లలో ఎందరికి వచ్చింది అన్న చిన్న పట్టిక. అంటువ్యాధుల పరిశోధనకు అది అఆల పాఠం.

కల్తీ భయం ఎక్కడిది?

మన దగ్గర తిండి భయం అంటే ముందుగా కల్తీ భయం. దానికి చట్టపరమైన చరిత్ర ఉంది. దేశంలో ఆహారంపై తొలి పెద్ద చట్టం 1954లో వచ్చింది, దాని పేరే ఆహార కల్తీ నిరోధక చట్టం. పాలల్లో నీళ్లు, కారంలో ఇటుకపొడి, నూనెలో చౌక నూనె: అప్పటి శత్రువు వ్యాపారి. తాండూరు ప్రాంతం కందికి పేరు మోసింది, 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ కందిపప్పునే తీసుకుంటే, పాత తరం భయం అందులో కేసరి పప్పు కలుపుతారేమోనని. రోజూ అదే తిండిగా తింటే కాళ్లు చచ్చుబడిపోయే లాథిరిజం వచ్చే పప్పు అది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు.

2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చింది, 2011 ఆగస్టు 5 నుంచి అమల్లోకి అడుగుపెట్టింది. ఇది కల్తీతో పాటు ‘సురక్షితం కాని ఆహారం’ అనే విశాలమైన మాట తెచ్చింది. అందులో వంటగది శుభ్రత, నిల్వ, వేడి, నీళ్లు అన్నీ వచ్చాయి. చట్టం మారింది గానీ మన ఊహలో శత్రువు మారలేదు. ఇప్పటికీ వీడియోల్లో ప్లాస్టిక్ బియ్యం, ప్లాస్టిక్ గుడ్ల కథలు తిరిగినంత వేగంగా, పొద్దున వండి మధ్యాహ్నం దాకా మూతపెట్టి ఉంచిన అన్నం కథ తిరగదు. రెండోదాని వల్ల జబ్బుపడే అవకాశమే ఎన్నో రెట్లు ఎక్కువ.

అలాగని కల్తీని కొట్టిపారేయలేం, అందులోనూ వికారాబాద్ జిల్లాలో. 2021 జనవరి రెండో వారంలో వికారాబాద్, నవాబ్‌పేట మండలాల పల్లెల్లో కల్లు తాగినవాళ్లు వందమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. కల్లులో మత్తు కోసం ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలపడం తెలంగాణలో పాత రోగం. ఇక్కడ చేతులు కడుక్కోమని, వేడిగా తాగమని చెప్పి లాభం లేదు. ఇది నూటికి నూరుపాళ్లు ఆబ్కారీ, పోలీసు వ్యవహారం. బిహార్‌లో 2013 జులై 16న గండామన్ బడిలో 23 మంది పిల్లల్ని చంపింది కూడా సూక్ష్మజీవి కాదు, వంటనూనెలో చేరిన మోనోక్రోటోఫాస్ పురుగుమందు. పత్తి, కంది పండే ఊళ్లలో ఆ డబ్బాలు ప్రతి ఇంటి మూలా ఉంటాయి. ఖాళీ మందు డబ్బాలో నూనె పోసుకోవడం, వంటింటి అటక మీదే మందు పెట్టడం: ఈ రెండూ మానేస్తే చాలు, ఈ రకం ముప్పు దాదాపు తప్పుతుంది.

జొన్న కంకి నేర్పిన పాఠం

కల్తీ చేసినవాడు లేడు, వంట చేసినవాళ్ల తప్పూ లేదు. అయినా తిండి విషమైన ఉదంతం ఒకటి ఈ దక్కన్ నేలమీదే జరిగింది. చర్చల్లో దాని ఊసు రాదు గనక కాస్త ఆగి చెప్పుకోవాలి.

కోతకొచ్చిన జొన్నచేనుకు ముసురు పడితే ఏమవుతుందో బంట్వారం రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. తెల్లగా మెరవాల్సిన కంకి రెండు మూడు రోజుల్లో బూడిద రంగుకు తిరుగుతుంది. గింజ మొదట్లో నల్లటి చుక్క, దానిపై గులాబీ ఛాయలో పల్చటి నూగు. అరచేతిలో నలిపితే పొడి రాలుతుంది. మంచి గింజ అంగడికి పోతుంది, ఆ నల్లజొన్న కూలీల గంజిలోకి చేరుతుంది. 1995లో అకాల వర్షాలకు తడిసిన జొన్న, మొక్కజొన్న తిన్న దక్కన్ పీఠభూమి పల్లెల్లో కడుపునొప్పి, పేగుల గడగడ, విరేచనాలు మొదలయ్యాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 50 ఊళ్లు సర్వే చేస్తే 27 ఊళ్లలో జబ్బు కనిపించింది. ఆ ఇళ్ల గింజల్ని రోజు వయసు కోడిపిల్లలకు పెట్టి చూస్తే వాటికీ విరేచనాలయ్యాయి. కారణం ఫ్యుమోనిసిన్ అనే బూజు విషం. ఆ గింజ తినడం మానగానే జబ్బు తగ్గింది.

అంతకుముందు 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన పల్లెల్లో బూజుపట్టిన మొక్కజొన్న వల్ల అఫ్లాటాక్సిన్ సోకి వందమందికి పైగా చనిపోయారు. దాన్ని పరిశోధించిందీ ఇదే సంస్థ. వేరుసెనగలో అఫ్లాటాక్సిన్‌పై పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఈ విషాలు ఉడకబెడితే పోవు, రొట్టె కాలిస్తే పోవు. గింజను కళ్లంలోనే ఎండబెట్టడం, నల్లగింజను ఏరిపారేయడం ఒక్కటే మార్గం. పారేసే స్తోమత లేనివాడికి ఏ సలహా చెప్పాలన్నది పోషకాహార నిపుణుడు ఒక్కడే తేల్చగల ప్రశ్న కాదు.

ఎవరి వాదన ఎంత నిలుస్తుంది?

బడి, హాస్టల్ భోజనం మీద ఇప్పుడు వినిపిస్తున్న వాదనలు ప్రధానంగా నాలుగైదు పాయలు.

శుభ్రత వాదులు చేతుల గురించి చెబుతారు: గోళ్లు, సబ్బు, మరుగుదొడ్డి, వంటమ్మ చేతికున్న పుండు. ఇందులో బలం ఉంది. సబ్బుతో చేతులు కడుక్కోవడాన్ని ప్రోత్సహిస్తే విరేచనాల జబ్బులు దాదాపు 30 శాతం తగ్గుతాయని కాక్రేన్ సమీక్ష తేల్చింది. కానీ ఈ వాదన జారిపడే చోటూ ఇదే. తప్పంతా చివరికి మూడు వేల గౌరవ వేతనానికి పొగలో నిలబడి వండే ఆడవాళ్ల మీదికి తోసేస్తుంది. మిగిలిన 70 శాతం సంగతి అడగదు.

డబ్బు వాదులు ఆ సంగతే అడుగుతారు. 2025 మే నుంచి మధ్యాహ్న భోజనానికి కేంద్రం లెక్క ప్రకారం వంట సరుకు ఖర్చు ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 10 రూపాయల 17 పైసలు. బియ్యం దీనికి బయట. పప్పు, కూర, నూనె, గ్యాస్ ఇందులోంచే రావాలి. బిల్లు నెలలు ఆలస్యమైతే వంట ఏజెన్సీ మహిళలు కిరాణా కొట్టులో ఉద్దెర పెట్టి నడపాలి. ఉద్దెరకు వచ్చే పప్పు మొదటి రకం కాదని ఎవరికైనా తెలుసు. హాస్టళ్ల విషయంలో తెలంగాణ సర్కారు 2024 డిసెంబరు 14న ఉమ్మడి మెనూ ప్రకటించి, డైట్ ఛార్జీలను 40 శాతం పెంచింది. మూడు నుంచి ఏడు తరగతుల పిల్లలకు నెలకు 950 ఉన్నది 1,330 అయింది, అంటే రోజుకు నలభై నాలుగు రూపాయలు. పెంపు అవసరమైనదే, ఆలస్యంగానైనా వచ్చింది. అయితే డబ్బు మంచి సరుకు తెస్తుంది తప్ప, వండిన అన్నాన్ని వేడిగా ఉంచదు.

తనిఖీ వాదులది ఇంకో దారి. 2024 వేసవిలో హైదరాబాద్ హోటళ్లపై ఆహార భద్రతా బృందాల దాడులు, ఫ్రిజ్‌లో కుళ్లిన మాంసం ఫొటోలు జనానికి గుర్తే. ఆ ఉత్సాహం బడులకూ వచ్చింది. ప్రధానోపాధ్యాయుడు ముందు రుచి చూడాలన్న నిబంధనను గట్టిగా అమలు చేయాలన్నారు. రుచి చూడటం మంచి అలవాటే. గండామన్‌లో నూనె వాసన తేడాగా ఉందని వంటమనిషి చెప్పినా వినిపించుకోలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. అక్కడ పెద్దవాళ్లెవరైనా ముందు తిని ఉంటే పిల్లలు బతికేవారేమో. కానీ స్టాఫిలోకాకస్ విషానికి రుచి లేదు, వాసన లేదు. పన్నెండున్నరకు సారు ఒక ముద్ద తిని బాగుందంటారు, ఆయనకూ పిల్లలకూ కలిసే నాలుగు గంటలకు వాంతులవుతాయి. రుచి నిబంధన కిరోసిన్‌నూ పురుగుమందునూ పట్టుకోగలదు, సూక్ష్మజీవిని పట్టుకోలేదు.

కేంద్రీకృత వంటశాలల వాదం ఇప్పుడు ఊపు మీదుంది. సంగారెడ్డి జిల్లా కందిలో అక్షయపాత్ర వంటశాల ఉంది. పొరుగున కొడంగల్ నియోజకవర్గంలో సర్కారు బడుల పిల్లలకు హరేకృష్ణ సంస్థ అల్పాహారం అందిస్తోంది. ఆవిరి పాత్రలు, స్టీలు డబ్బాలు, పరీక్షించిన నీళ్లు: ఒక చోట శ్రద్ధ పెడితే వందల బడులకు మేలు. ఒక చోట తప్పు జరిగితే కూడా అది వందల బడులకు చేరుతుంది. పైగా దారి ఉంది. తండాలు, దూరదూరపు ఊళ్లు ఉన్న బంట్వారం లాంటి మండలానికి డబ్బా చేరేసరికి ఎంతసేపు పడుతుంది, చేరేటప్పటికి లోపల వేడి ఎంత ఉంటుంది? ఈ రెండు అంకెలు చూపించకుండా ఏ వంటశాల మంచిదని గానీ చెడ్డదని గానీ అనలేం. ఊళ్లో వంటమ్మ చేతి అన్నానికి ఉన్న ఒక్క పెద్ద బలం, పొయ్యికీ పళ్లేనికీ మధ్య ఇరవై అడుగుల దూరమే ఉండటం. ఆ బలాన్ని తొందర వంటతో మనమే పోగొట్టుకుంటున్నాం.

నీళ్ల వాదం అన్నిటికంటే తక్కువ వినిపిస్తుంది, వర్షాకాలంలో అన్నిటికంటే ఎక్కువ నిజమవుతుంది. విజయనగరం జిల్లా గుర్లలో 2024 అక్టోబరులో అతిసారం ఊళ్లకు ఊళ్లనే పట్టింది, మృతుల లెక్కపైనే రాజకీయ వివాదం నడిచింది. నల్లా చివర నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. భగీరథ నీళ్లు శుద్ధయ్యే వచ్చినా, బడి మీది సింటెక్స్ ట్యాంకు మూత పోయి నెలలైతే ఆ శుద్ధి ట్యాంకు దాకానే. మాత్ర వేసి నీళ్ల రంగు చూసే క్లోరిన్ పరీక్షకు పెద్ద చదువు అక్కర్లేదు, తొమ్మిదో తరగతి పిల్లలు చేయగలరు.

మూత కింద ఏం జరుగుతుంది

ఈ వాదాలన్నిటి మధ్యా జారిపోయేది సమయం. ఒక పెద్ద బగోన అన్నాన్ని ఊహించండి. వంటమ్మకు ఇంటి పనీ కూలి పనీ ఉన్నాయి గనక, లేదా పొయ్యి ఒక్కటే గనక, అన్నం తొమ్మిదింటికే దిగిపోతుంది. మూత పెడతారు. పైపొర గోరువెచ్చనవుతుంది, నడుమ మాత్రం గంటల తరబడి చేయి పెట్టలేనంత కాకపోయినా వెచ్చగానే ఉంటుంది. బియ్యంలో మట్టితోపాటు వచ్చిన బాసిల్లస్ సీరియస్ బీజాలు ఉడుకుకు చావవు, అవి నిద్రలో ఉన్న గింజల్లాంటివి. వెచ్చదనం తగలగానే మొలకెత్తుతాయి. సూక్ష్మజీవి ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయితే ఏడు గంటల్లో ఒకటి ఇరవై లక్షలు దాటుతుంది. పర్‌ఫ్రింజెన్స్ అయితే అనుకూలమైన వేడిలో దాదాపు పది నిమిషాలకే రెట్టింపు. ఇక బాసిల్లస్ సీరియస్ వదిలిన వాంతి విషం ఎంత గట్టిదంటే 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉడికించినా చెడదు. అందుకే ‘మళ్లీ వేడి చేశాం గదా’ అన్న సమర్థన ఇక్కడ పనికిరాదు.

సమయమే దోషి అని చూపించిన ప్రయోగం 1914 నాటిది. ఫిలిప్పీన్స్‌లో ఎం.ఎ. బార్బర్ అనే పరిశోధకుడు ఒక ఆవు పాలు తాజాగా తాగితే ఏమీ కాలేదు, అవే పాలు బయట ఉంచి తాగితే జబ్బుపడ్డాడు. ఆవు అదే, పాలు అవే, మధ్యలో గడిచిన గంటలే తేడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో సగం బరువు ఇక్కడే ఉంది: 70 డిగ్రీల దాకా పూర్తిగా ఉడికించాలి, 60 డిగ్రీలకు పైన గానీ 5 డిగ్రీలకు లోపు గానీ ఉంచాలి, వండిన తిండిని మామూలు వాతావరణంలో రెండు గంటలకు మించి వదిలేయకూడదు. మిగతావి శుభ్రత, పచ్చిదాన్నీ వండినదాన్నీ విడిగా ఉంచడం, మంచి నీళ్లు, మంచి సరుకు.

మన పెళ్లిళ్లు, దావత్‌లు ఈ రెండు గంటల నియమానికి బద్ధశత్రువులు. మిగిలిన బిర్యానీ, సమోసాలు మరుసటి పూట పేద పిల్లలకు పంచడం పుణ్యమనుకుంటాం. 2024 ఆగస్టులో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఒక అనాథాశ్రమం పిల్లలు బయటినుంచి వచ్చిన అలాంటి తిండి తిన్నాకే జబ్బుపడి కొందరు ప్రాణాలు కోల్పోయారు. దానం చేసేవాళ్లు వేడి ఉండగానే చేయాలి, లేకపోతే బియ్యమే ఇవ్వాలి.

సద్ది తగాదా

మరి సద్దన్నం సంగతేమిటి? తాతముత్తాతలు తిన్నారు గదా అని ఒక పక్షం, బ్యాక్టీరియా పుట్ట అని మరో పక్షం. ఈ తగాదాలో రెండు పక్షాలూ రెండు వేర్వేరు అన్నాల గురించి మాట్లాడుతున్నాయి.

రాత్రి అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టింది సద్ది. అందులో లాక్టిక్ ఆమ్లం చేసే సూక్ష్మజీవులు ముందుగా గెలిచి, పులుపు పెంచి, బాసిల్లస్‌ను ఎదగనీయవు. అంబలీ అంతే. బగోనలో పొడిగా మిగిలి, మూతకింద రాత్రంతా వెచ్చగా కూర్చున్నది సద్ది కాదు, మిగిలిపోయిన అన్నం. పొద్దున దాన్ని పోపులో వేయించి పిల్లలకు పెట్టడం ప్రమాదం. పాతకాలపు నిల్వ తెలివి అంతా పులుపు, ఉప్పు, ఎండ చుట్టూ తిరుగుతుంది. చింతపండు పులిహోర ప్రయాణానికి ఆగుతుంది, పప్పన్నం ఆగదు. సరిహద్దు అవతల కర్ణాటక పల్లెల్లో ఎండబెట్టిన కడక్ జొన్నరొట్టె రోజుల తరబడి ఉంటుంది, ఎందుకంటే సూక్ష్మజీవికి కావాల్సిన తడి దానిలో లేదు. ఈ తర్కం తెలియకుండా ‘పాతదంతా మంచిది’ అనేవాళ్లు ఆ పాతవాళ్ల తెలివిని తక్కువ చేస్తున్నారు.

నిషేధాలు, రుజువులు

2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయి, పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు. అక్టోబరు 30న తెలంగాణ సర్కారు పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. 2025లో తమిళనాడూ అదే బాట పట్టింది. సాల్మొనెల్లాకు పచ్చిగుడ్డు రాచబాట గనక నిర్ణయంలో తప్పులేదు. కానీ నిషేధం పట్నపు తిండికి దెబ్బ కొట్టగలదు, హాస్టల్ సాంబారును నిషేధించలేదు గదా.

నిజంగా తేలని ప్రశ్న ఇంకోటి: ఈ ఘటనల్లో కారణం ఎప్పుడైనా రుజువవుతుందా? 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం నివేదికల్లో ఫుడ్ పాయిజన్, అతిసారం ఎప్పుడూ ముందు వరసలోనే ఉంటాయి. ఫలానా జీవి, ఫలానా వంటకం అని తేలడం మాత్రం అరుదు. గంజు కడిగేశాక శాంపిల్ తీయడానికి ఏమీ మిగలదు. యాంటీబయాటిక్ ఎక్కించాక మలపరీక్షలో జీవి దొరకదు. ఆహార నమూనా మీద విశ్లేషకుడు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలని చట్టం అంటుంది, అప్పటికి వార్త చచ్చిపోతుంది, వంటమ్మ మారిపోతుంది. వైద్యులు ఫుడ్ పాయిజన్ కేసులను విధిగా తెలియజేయాలని ఆదేశించే అధికారం అదే చట్టం 35వ సెక్షన్‌లో ఉంది. సురక్షితం కాని తిండివల్ల మరణం సంభవిస్తే కనీసం 5 లక్షల పరిహారం 65వ సెక్షన్‌లో ఉంది. కారణం రుజువు కాకపోతే ఆ సెక్షన్ కాగితం మీదే ఉంటుంది. పూటపూటకూ ఒక గిన్నెడు తిండి ఫ్రిజ్‌లో ఒక రోజు దాచే ఏర్పాటు ప్రతి హాస్టల్‌లో ఉంటే సగం తగాదాలు తీరతాయి. నా దృష్టిలో కొత్త కమిటీల కంటే ఆ గిన్నె విలువైనది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 అంచనా ప్రకారం ఏటా పదిమందిలో ఒకరు తిండివల్ల జబ్బుపడతారు, 4 లక్షల 20 వేల మంది చనిపోతారు, వారిలో లక్షా పాతిక వేల మంది అయిదేళ్ల లోపు పిల్లలు. మన జిల్లాల అంకెలు ఇందులో ఎంత సరిగ్గా కలిశాయన్నది, పైన చెప్పిన రుజువుల తీరు చూస్తే, ఎవరికి వారే ఊహించుకోవచ్చు.

మంచాన పడ్డాక

చంపేది చాలాసార్లు విషం కంటే ముందు నీరు పోవడం. పల్లెలో వాంతులంటే ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ అన్నది స్థిరపడిపోయింది. తాగగలిగిన మనిషికి సెలైన్ అక్కర్లేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లతోనే కలరా మరణాలను బాగా తగ్గించి చూపించారు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పీహెచ్‌సీలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితం. ప్యాకెట్ మీద చెప్పిన కొలత నీళ్లలోనే, పెద్ద ప్యాకెట్ అయితే లీటరులో, మొత్తం ఒకేసారి కలపాలి. సగం గ్లాసుకు చిటికెడు కలపకూడదు.

ఇక్కడా ఒక వివాదం నడిచింది, దాని వెనక ఉన్నది హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్. చక్కెర ఎక్కువున్న పానీయాలను ‘ఓఆర్‌ఎస్’ పేరుతో అమ్మడంపై ఆమె ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మందుల దుకాణంలో రంగు డబ్బా కాకుండా తెల్లటి పొడి ప్యాకెట్ అడగండి. నెత్తురు విరేచనాలు, మూత్రం రాకపోవడం, మగతగా పడిపోవడం కనిపిస్తే మాత్రం తాండూరో వికారాబాదో, ఆలస్యం చేయవద్దు.

బంట్వారం బడి కమిటీ సభ్యులకూ, హాస్టల్ పిల్లల తల్లిదండ్రులకూ ఒక్క మనవి. తనిఖీకి వెళ్లినప్పుడు బియ్యం బస్తాలు లెక్కపెట్టి, గుడ్డు సైజు చూసి వచ్చేయకండి. ఈ రోజు అన్నం పొయ్యి దిగిందెన్ని గంటలకు, పిల్లలకు వడ్డించిందెన్ని గంటలకు అని అడగండి. ఆ రెండు గంటలూ రిజిస్టర్‌లో రాయించి, కింద మీ సంతకం పెట్టండి.